తెల్లబట్టకు ఏ మందు, ఎన్ని రోజులు?

స్త్రీలకు కొద్దిపాటి తెల్లబట్ట కావడం సహజం. అది పలుచగా, బూడిద వన్నెలో, చేపల వాసనతో వస్తున్నచో యోనిలో మేలుచేసే సూక్ష్మజీవులు తగ్గి, ఇతర బ్యాక్టీరియా పెరిగి ఉండవచ్చు. దీనిని బ్యాక్టీరియల్ వజైనోసిస్ అంటారు. పెరుగు తరకల వలె వచ్చి, తీవ్రమైన దురద ఉంటే అది సాధారణంగా శిలీంధ్ర వ్యాధి. దానికి ఈ యాంటీబయాటిక్‌లు పనిచేయవు. కనుక పరీక్ష చేయించుకొనకుండా మందు కొనరాదు.

బళ్లారిలో స్థిరపడిన తెలుగు సోదరీమణులకు బిడియంతోపాటు భాష కూడా అడ్డు కావచ్చు. కన్నడంలో "బిళి సెరగు" అని చెప్పినచో వైద్యులకు విషయం అర్థమవుతుంది.

ప్రధాన చికిత్సలు ఇవి:

మెట్రోనిడజోల్ మాత్రలు: 400 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 7 రోజులు. వికారం, నోటిలో లోహపు రుచి కలుగవచ్చు.

మెట్రోనిడజోల్ జెల్ (0.75 శాతం): రోజుకొకసారి యోనిలోపల, 5 రోజులు. కడుపులో ఇబ్బంది తక్కువ.

క్లిండమైసిన్ క్రీము (2 శాతం): 7 రాత్రులు. మెట్రోనిడజోల్ పడనివారికి అనుకూలం. ఇది నిరోధ్‌ను బలహీనపరుస్తుంది; వాడిన తరువాత 5 రోజుల వరకు నిరోధ్‌పై ఆధారపడరాదు.

సెక్నిడజోల్: 2 గ్రాములు, ఒకే మోతాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ రూపొందించిన ఆకుపచ్చ కిట్టులో ఇది శిలీంధ్ర నివారిణి ఫ్లూకనజోల్‌తో కలిసి ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రులలోని సురక్ష క్లినిక్‌లలో చికిత్స ఉచితం.

మెట్రోనిడజోల్, క్లిండమైసిన్ చికిత్సలు గుణమిచ్చుటలో దాదాపు సమానమే. అందుచేత ఖరీదైనదే మంచిదని భావింపనవసరం లేదు. శరీరానికి పడేది, క్రమం తప్పక వాడగలిగేది వైద్యుల సలహాతో ఎంచుకొనవలెను. రెండు రోజులకే వాసన తగ్గినా, మందు మధ్యలో ఆపరాదు.

చికిత్స పొందిన వారిలో సగానికి పైగా స్త్రీలకు ఏడాదిలోపు ఇది తిరిగి రావచ్చు. అది వారి అపరిశుభ్రత వలన కాదు. పైగా యోనిలోపల సబ్బుతో, మందునీటితో కడుగుట హానికరం. 2025లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో భర్తకు లేక భాగస్వామికి కూడా చికిత్స చేసినప్పుడు, 12 వారాలలో వ్యాధి తిరిగివచ్చినవారు 63 శాతం నుండి 35 శాతానికి తగ్గారు. కనుక వ్యాధి మరల వస్తే దంపతులిద్దరూ వైద్యులతో మాట్లాడవలెను.

గర్భిణులలో ఈ వ్యాధి నెలలు నిండని కాన్పుకు దారితీయవచ్చు. వారు లక్షణాలు కనిపించిన వెంటనే, బిడియపడక వైద్యులను సంప్రదించవలెను.