ఇంటి బడిలో సాంఘిక శాస్త్రం

అమెరికా క్రైస్తవ కుటుంబాలు తమ టీనేజర్లకు చరిత్ర, పౌరశాస్త్రం ఎలా నేర్పుతున్నాయి?

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించడాన్ని అమెరికాలో హోమ్‌స్కూలింగ్ అంటారు. ప్రభుత్వ విద్యా గణాంకాల ప్రకారం ఇలా చదివేవారు 1999లో సుమారు 8.5 లక్షలు. 2019 నాటికి దాదాపు 15 లక్షలయ్యారు. కొవిడ్ వచ్చాక ఈ దారి పట్టినవారు ఒక్కసారిగా పెరిగారు. బడి ఈడు పిల్లలున్న ఇళ్లలో హోమ్‌స్కూలింగ్ చేస్తున్నామన్నవి 2020 వసంతంలో 5.4 శాతం కాగా, ఆ ఏడాది చివరి నెలలకు 11.1 శాతమయ్యాయని సెన్సస్ బ్యూరో సర్వే చెప్పింది. వీరిలో అన్ని రకాలవారూ ఉన్నారు. అయితే ఇంటి చదువును ఉద్యమంగా నిలబెట్టడంలో క్రైస్తవ కుటుంబాలది పెద్ద పాత్ర.

ఆ ఇళ్లలో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలకు చెప్పే చదువులో అన్నిటికన్నా బరువైనది సాంఘిక శాస్త్రం. బీజగణితం ఏ ఇంట్లో చెప్పినా ఒకటే. దేశం ఎలా పుట్టింది, పాలించే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది, వేరే మతం వారితో ఎలా మెలగాలి అన్న ప్రశ్నలు మాత్రం నేరుగా ఇంటి విశ్వాసాన్ని తాకుతాయి.

చట్టం ఇచ్చిన చోటు

పిల్లలంతా ప్రభుత్వ బడికే వెళ్లాలన్న ఒరెగాన్ చట్టాన్ని సుప్రీంకోర్టు 1925లో కొట్టేసింది. ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడికి పంపబోమన్న ఆమిష్ క్రైస్తవ శాఖ తల్లిదండ్రుల పక్షాన 1972లో తీర్పిచ్చింది. ఇవి హోమ్‌స్కూలింగ్ కేసులు కాకపోయినా తర్వాతి వాదనలకు ఊతమయ్యాయి. ప్రభుత్వ బడుల్లో అధికారిక ప్రార్థన 1962లో, బైబిల్ పఠనం 1963లో రాజ్యాంగ విరుద్ధమని తేలాక, ఆ బడులు తమకు పరాయివయ్యాయన్న భావన చాలా క్రైస్తవ కుటుంబాల్లో బలపడింది. 1983లో పుట్టిన హోమ్‌స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ ఈ కుటుంబాల తరఫున కోర్టుల్లోనూ చట్టసభల ముందూ పోరాడింది. 1993 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది.

నాలుగేళ్ల చదువు

ఏం చెప్పాలన్నది రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. టెక్సస్‌లో చదవడం, అక్షరక్రమం, వ్యాకరణం, లెక్కలతోపాటు మంచి పౌరసత్వం నేర్పితే చాలు. పెన్సిల్వేనియాలో ప్రపంచ చరిత్ర, దేశ చరిత్ర, రాష్ట్ర చరిత్ర, పౌరశాస్త్రం అన్నీ ఉండాలి. విద్యార్థి ఏడాది పొడవునా చేసిన పనిని అర్హత గల మూల్యాంకకుడికి చూపాలి. న్యూయార్క్‌లో అమెరికా చరిత్రతోపాటు ప్రభుత్వ పాలనలో పౌరుల పాత్ర, అర్థశాస్త్రం తప్పనిసరి.

చాలా ఇళ్లలో కనిపించే క్రమం ఇది: తొమ్మిదో తరగతిలో భూగోళం, పదిలో ప్రపంచ చరిత్ర, పదకొండులో అమెరికా చరిత్ర, పన్నెండులో సగం ఏడాది ప్రభుత్వం, మిగతా సగం అర్థశాస్త్రం. సుమారు 120 గంటలు చదివితే ఒక క్రెడిట్‌గా లెక్కిస్తారు. చాలాచోట్ల మార్కుల పట్టిక తయారుచేసేది తల్లిదండ్రులే.

పుస్తకాలు, వాటి చూపు

ఫ్లోరిడాలోని అబెకా, దక్షిణ కరొలైనాలోని బాబ్ జోన్స్ యూనివర్సిటీ ప్రెస్ 1970ల నుంచి క్రైస్తవ బడుల కోసం పుస్తకాలు వేస్తున్నాయి. అవే ఇళ్లకూ చేరాయి. యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్ పద్ధతిలో ఒక్కో విషయాన్ని చిన్న చిన్న పుస్తకాలుగా విడగొట్టి, విద్యార్థి తనంతట తాను పూర్తిచేసేలా ఇస్తారు. సన్‌లైట్ సంస్థ నవలలు, జీవిత చరిత్రల ద్వారా చరిత్ర చెబుతుంది. టెనెసీలోని నాట్‌గ్రాస్ సంస్థ పాఠంతోపాటు ఆనాటి అసలు పత్రాలనూ సాహిత్యాన్నీ చదివిస్తుంది.

చరిత్రను దైవ సంకల్పం నడిపిస్తుందన్న నమ్మకం వీటిలో చాలావాటికి పునాది. విద్యార్థికి కథలో ఒక అర్థం, తన బతుకుకు ఒక బాధ్యత కనిపించడం దీని బలం. జరిగినదంతా దేవుడి చిత్తమని సరిపెట్టేస్తే మనుషుల నిర్ణయాలు, స్వార్థాలు, తప్పులు పాఠంలోంచి జారిపోతాయి. చిక్కు అక్కడే ఉంది.

ఇలాంటి పుస్తకాలపై వివాదం కోర్టుకూ వెళ్లింది. క్రైస్తవ ప్రచురణల ఆధారంగా నడిచిన కొన్ని కోర్సులను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రవేశ అర్హతకు లెక్కించలేదు. బాబ్ జోన్స్ పుస్తకంతో చెప్పిన ఒక చరిత్ర కోర్సు కూడా వాటిలో ఉంది. క్రైస్తవ బడుల సంఘం వేసిన దావాలో 2008లో జిల్లా కోర్టు, 2010లో అప్పీలు కోర్టు విశ్వవిద్యాలయాన్నే సమర్థించాయి.

ఇల్లు దాటిన తరగతి

సాంఘిక శాస్త్రం ఒంటరిగా చదివితే వచ్చేది కాదు. అందుకే చాలా కుటుంబాలు కలిసి కో-ఆప్‌లు నడుపుతాయి. వారానికో రోజు చర్చి గదిలోనో మరోచోటో చేరి, ఒక తల్లి చరిత్ర, ఒక తండ్రి అర్థశాస్త్రం చెబుతారు. 1994లో జార్జియాలో మొదలైన టీన్‌ప్యాక్ట్ అనే సంస్థ రాష్ట్ర రాజధానుల్లో తరగతులు పెడుతుంది. అక్కడ టీనేజర్లే బిల్లులు రాసి, నమూనా చట్టసభలో చర్చించి ఓటేస్తారు.

క్రైస్తవ హోమ్‌స్కూలర్ల డిబేట్ లీగులు మరింత లోతైన శిక్షణ. ఒక రౌండులో తీర్మానాన్ని సమర్థించిన జట్టు తర్వాతి రౌండులో దాన్నే వ్యతిరేకించాలి. నమ్మిన మాటకు బలం తేవాలన్నా అవతలివారి మాటను పూర్తిగా వినక తప్పదని పదిహేనేళ్ల పిల్లలకు తెలిసొచ్చేది ఇక్కడే.

మంచి పాఠం ఎలా ఉండాలి

క్రైస్తవ విద్యార్థికి అమెరికా చరిత్రలో దాటకూడని పత్రాలు కొన్ని ఉన్నాయి. మతాన్ని పోషించడానికి పన్ను వేయకూడదని జేమ్స్ మాడిసన్ 1785లో రాసిన వినతిపత్రం, బలవంతపు ఆదరణ మతానికే చేటని వాదిస్తుంది. చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ గురించి థామస్ జెఫర్సన్ 1802లో లేఖ రాసింది డాన్‌బరీలోని బాప్టిస్టు క్రైస్తవులకే. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845 నాటి ఆత్మకథలో, బానిసలను కొట్టే యజమానుల మతం వేరు, క్రీస్తు మార్గం వేరని తేల్చి చెప్పాడు. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ లేఖ రాసింది ఓపిక పట్టమన్న మతగురువులకు.

బానిసత్వాన్ని సమర్థించినవారూ, దానిపై పోరాడినవారూ ఒకే బైబిల్ చూపించారు. ఈ నిజాన్ని దాచిన పాఠం చరిత్రకూ విశ్వాసానికీ రెంటికీ అన్యాయం చేస్తుంది. మూలవాసుల భూములు ఎలా పోయాయో, జాతి విభజన చట్టాల కాలంలో ఏ చర్చి ఎటు నిలిచిందో చదివిన విద్యార్థి విశ్వాసం పోగొట్టుకోనక్కర్లేదు. దాన్ని కళ్లు తెరిచి పట్టుకోవడం నేర్చుకుంటాడు.

ఇంట్లో నేర్చిన చదువును బయటివారితో తూకం వేయించే మార్గాలూ ఉన్నాయి. కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, క్లెప్ పరీక్షలు హోమ్‌స్కూలర్లూ రాయవచ్చు. చాలాచోట్ల హైస్కూలు వయసులోనే కమ్యూనిటీ కాలేజీలో చేరి క్రెడిట్లు సంపాదించుకోవచ్చు. ఆ కాలేజీల్లో క్రైస్తవేతర అధ్యాపకులు, వేరే అభిప్రాయాల సహవిద్యార్థులు ఎదురవుతారు. 18 ఏళ్లకు ఓటు హక్కు వస్తుంది. అప్పటికి తాను ఒప్పుకోని వాదాన్ని కూడా వక్రీకరించకుండా చెప్పగలిగి, తన వాదానికి ఆధారం చూపగలిగితే ఆ ఇంటి బడి తన పని చేసినట్టే.