తన – పర

మన దేహాన్ని రక్షించే తెల్ల రక్తకణాలలో టి-కణాలు ముఖ్యమైనవి. శత్రువును సంహరించడం వాటికి కష్టం కాదు. శత్రువెవరో తెలుసుకోవడమే కష్టం. సూక్ష్మజీవి దేహంలోనూ ప్రోటీన్లే, మన దేహంలోనూ ప్రోటీన్లే. ఏది తనది, ఏది పరాయిది అనే వివేకం కన్నులు లేని కణానికి ఎట్లా అలవడుతుంది?

టి-కణాల పూర్వకణాలు ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథిని చేరుతాయి. (‘టి’ అనే అక్షరం ఆ గ్రంథి పేరులోనిదే.) 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త దాని ప్రాధాన్యాన్ని వెల్లడించే వరకు వైద్యులు దానిని నిరుపయోగమైన అవయవంగానే భావించారు. అక్కడ ప్రతి కణమూ జన్యుఖండాలను యాదృచ్ఛికంగా కలిపి తన గ్రాహకాన్ని నిర్మించుకొంటుంది. కనుక పనికిరాని కణాలూ, ప్రమాదకరమైన కణాలూ తయారవుతాయి.

జడ్చర్లలోని బాదేపల్లి మార్కెట్‌కు వేరుశనగ తెచ్చే రైతు ముందుగా తూర్పారబట్టి తాలుకాయలను పోగొడతాడు; ఆపైన మట్టిగడ్డలను ఏరివేస్తాడు. థైమస్‌లో జరిగేదీ ఇంచుమించు ఇదే. దేహకణాలు తమ ప్రోటీన్ల తునకలను ఎం.హెచ్.సి. అనే అణువులపై ఉంచి ప్రదర్శిస్తాయి. ఆ అణువులను బొత్తిగా గుర్తించలేని టి-కణం తాలుకాయ వంటిది, నశిస్తుంది. స్వీయ తునకలను మరీ గట్టిగా పట్టుకొనేది రేపు మన దేహం మీదనే తిరగబడగలదు. కాబట్టి సాధారణంగా దానికీ మరణమే. నూటికి ఐదు కణాలైనా బయటపడడం అరుదు.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలో కదా, థైమస్‌లోని కణానికి అది ఎట్లా పరిచయమవుతుంది? ‘ఎయిర్’ అనే జన్యువు థైమస్ కణాలచేత ఇతర అవయవాల ప్రోటీన్లను సైతం కొద్దికొద్దిగా తయారుచేయిస్తుంది. ఇంత ముందుచూపు ఉన్నా కొన్ని కణాలు తప్పించుకొంటాయి. వాటిని అదుపుచేసే నియంత్రక టి-కణాలను 1995లో షిమోన్ సకగుచి గుర్తించాడు. ఈ రంగంలో కృషికి ఆయనకూ, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకూ 2025లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ అదుపు తప్పితే? మీ ఈడు వారిలోనూ కనిపించే మొదటి రకం మధుమేహం అట్టిదే. టి-కణాలు ఇన్సులిన్‌ను తయారుచేసే కణాలను ధ్వంసం చేస్తాయి. మరొకటి రుమటాయిడ్ కీళ్లవాతం. దీనికి నేడు ముందుగా వాడే మందు మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అది రూపొందింది. మొదట క్యాన్సర్‌కు వాడిన ఆ మందే స్వల్ప మోతాదులో కీళ్లకు ఉపశమనమిస్తున్నది. అయితే అది దారితప్పిన కణాలకు వివేకాన్ని నేర్పలేదు, వాటి ఉద్రేకాన్ని తగ్గించగలదు. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి మాత్రమే, వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన మందు అది. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం.