ఇరానీ హోటల్ చాయ్: కప్పు ధరలో కుర్చీ కూడా ఉంది

హాలియా, మిర్యాలగూడ, కోదాడ వైపు నుంచి పిల్లల జబ్బులతో హైదరాబాద్ వెళ్లే కుటుంబాలకు రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ దవాఖాన బాగా తెలుసు. పిల్లాడి మంచం దగ్గర తల్లి ఉంటుంది. తోడు వచ్చిన నానీ, మామూ, చాచా మాత్రం బయట గంటల తరబడి కాచుకోవాలి. రిపోర్టు ఎప్పుడొస్తుందో, డాక్టర్ ఎప్పుడు పిలుస్తాడో తెలియదు. అలా కాచుకునే చోటికి దగ్గర్లోనే నగరమంతా పేరున్న చాయ్ హోటల్ ఒకటి ఉంది. దాని పేరు కూడా నీలోఫరే.

మొదటిసారి వెళ్లినవాళ్లు "ఒక్క చాయ్ కోసం ఇంత జనమా?" అనుకుంటారు. ఆ చాయ్ ఎలా తయారవుతుంది, అసలు ఇరానీ హోటల్ అంటే ఏమిటి, అక్కడ జనం దేనికి డబ్బు ఇస్తారు అన్నది తెలిస్తే ఆ రద్దీ అర్థమవుతుంది.

ఒక షెహజాదీ పేరు

నీలోఫర్ ఇస్తాంబుల్‌కు చెందిన ఒట్టోమన్ రాజవంశపు ఆడపిల్ల. 1931లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకు మొఅజ్జమ్ జాతో నికాహ్ జరిగి హైదరాబాద్ కోడలయ్యారు. తన దగ్గర పనిచేసే ఒక అమ్మాయి కాన్పులో చనిపోవడం చూసి, తల్లీపిల్లలకు మంచి ఆస్పత్రి ఉండాలని ఆమె పట్టుబట్టారని చెబుతారు. ఆ ఆస్పత్రి 1953లో మొదలైంది. ఆస్పత్రికి ఆమె పేరు, ఆ పక్కనున్న చాయ్ హోటల్‌కు ఆస్పత్రి పేరు వచ్చాయి.

నీలోఫర్ కేఫ్ 1978 నుంచి నడుస్తోంది. యజమాని బాబూరావు ఇరానీ కాదు, తెలుగు మనిషి. ఆదిలాబాద్ వైపు పల్లె నుంచి వచ్చి, ఇదే హోటల్లో చిన్న పనితో మొదలుపెట్టి, తర్వాత దాన్ని సొంతం చేసుకున్నారు. అంటే ఇరానీ చాయ్ అనేది ఇప్పుడు ఏ ఒక్క కుటుంబం చేతిలోనో లేదు. ఇరాన్ నుంచి వచ్చినవాళ్ల పనితనం దక్కనీ ముస్లింల చేతికి, తెలుగువాళ్ల చేతికి కూడా అందింది.

పేరు కాఫీది, అమ్మేది చాయ్

బోర్డు మీద "కేఫ్" అని ఉంటుంది, లోపల అందరూ తాగేది చాయ్. ఇది హైదరాబాద్‌లో పుట్టిన వింత కాదు. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రిళ్లు జిక్ర్‌లో మెలకువగా ఉండేందుకు కాఫీ తాగేవారు. అక్కడి నుంచి కాఫీ అరబ్బు, తుర్కీ, ఇరాన్ నగరాలకు పాకింది. ఇరాన్‌లో ఆ దుకాణాలను "ఖహ్వా ఖానా" అన్నారు. 19వ శతాబ్దంలో అక్కడ కాఫీ తగ్గి చాయ్ పెరిగింది, దుకాణం పేరు మాత్రం మారలేదు.

19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో యజ్ద్ లాంటి ప్రాంతాల ఇరానీలు బతుకుతెరువు కోసం బొంబాయికి, అక్కడి నుంచి పుణేకు, హైదరాబాద్‌కు వచ్చారు. చాలామంది వీధి మలుపుల్లో ఉండే మూల దుకాణాలు తీసుకున్నారు. మూల దుకాణం కలిసిరాదని మిగతా వ్యాపారులు వదిలేసేవారని, అందుకే ఇరానీలకు తక్కువ కిరాయికి దొరికాయని ఒక మాట ఉంది. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935లో అలా వచ్చినవాళ్లు పెట్టిందే.

ఇరాన్‌లో చాయ్‌లో పాలు పోయరు. చక్కెర గడ్డ నోట్లో పెట్టుకుని నల్ల చాయ్ తాగుతారు. ఇక్కడి జనానికి పాలు కావాలి కాబట్టి ఇరానీ చాయ్ ఇక్కడే కొత్త రూపం తీసుకుంది. ఇరాన్ వెళ్లి "ఇరానీ చాయ్" అడిగితే మనకు తెలిసిన చాయ్ దొరకదు!

రెండు గిన్నెల పని

ఇంట్లో నీళ్లు, పాలు, పత్తి, చక్కెర ఒకే గిన్నెలో వేసి మరిగిస్తాం. ఇరానీ చాయ్‌కి రెండు గిన్నెలు కావాలి. ఒకదాంట్లో నీళ్లు, చాయ్ పత్తి, చక్కెర వేసి ఆవిరి బయటకు పోకుండా మూత బిగించి, సన్నటి మంట మీద వదిలేస్తారు. బిర్యానీకి పెట్టే దమ్ లాంటిదే ఇది. వాసన బయటకు పోక డికాషన్‌లోనే నిలుస్తుంది. రెండో గిన్నెలో పాలు నీళ్లు ఇంకి చిక్కబడేదాకా మరుగుతాయి. కొందరు కోవా కూడా కలుపుతారు. గిరాకీ వచ్చాక కప్పులో ముందు డికాషన్, దాని మీద పాలు పోస్తారు. పాలూ పత్తీ కలిసి ఉడకవు కాబట్టి రెండు రుచులూ విడివిడిగా తెలుస్తాయి.

ఇంట్లో చేసుకోవాలంటే రెండు కప్పుల నీళ్లకు రెండు చెంచాల పత్తి, సరిపడా చక్కెర వేసి, మూత అంచుకు గోధుమపిండి ముద్ద చుట్టి సన్న సెగ మీద ఇరవై నిమిషాలకు పైగా ఉంచాలి. పక్క పొయ్యి మీద అర లీటరు చిక్కటి పాలు మూడింట రెండొంతులు మిగిలేదాకా మరిగించాలి. తొందర పడితే మామూలు చాయే వస్తుంది.

ఆర్డర్ చెప్పడానికీ ఓ భాష ఉంది. పాలు ఎక్కువ కావాలంటే "పౌనా", గట్టిగా కావాలంటే "కడక్", పాలు లేకుండా నిమ్మరసంతో కావాలంటే "సులేమానీ". ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకోవాలంటే "వన్ బై టూ". కొన్ని పాత హోటళ్లలో అడగకుండానే చిన్న సమోసాలో బిస్కెట్లో ప్లేటు నిండా తెచ్చి పెడతారు. కంగారు పడక్కర్లేదు, తిన్నవాటినే లెక్కపెట్టి బిల్లు వేస్తారు.

చాయ్‌లో ముంచుకునే ఉస్మానియా బిస్కెట్‌కూ ఆస్పత్రితో చుట్టరికం ఉందంటారు. తీపీ ఉప్పూ కలిసిన ఈ బిస్కెట్‌ను మొదట మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా దవాఖాన రోగుల కోసం చేశారని హైదరాబాద్‌లో చెప్పుకునే కథ. ఏడో నిజాం పేరు మీదనే ఆ పేరు అని మరికొందరంటారు. దవాఖాన పేరూ ఆయనదే కాబట్టి రెండు కథలూ ఒకే చోటికి చేరుతాయి.

కుర్చీ విలువ

ఇరానీ హోటల్ ప్రత్యేకత రుచి ఒక్కటే కాదు. ఒక్క చాయ్ చెప్పి గంట కూర్చున్నా లేవమనకపోవడం పాత హోటళ్ల మర్యాద. రిక్షా కార్మికుడు, వకీలు, విద్యార్థి ఒకే పాలరాతి బల్ల చుట్టూ కూర్చునేవారు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో ఉర్దూ కవులు, కార్మిక నాయకులు గంటలు గడిపేవారు. వాళ్లలో మఖ్దూమ్ మొహియుద్దీన్ ఒకరు. 1952లో మన హుజూర్‌నగర్ నుంచే ఆయన అసెంబ్లీకి ఎన్నికయ్యారు. ఆ హోటల్ ఇప్పుడు లేదు.

అలాంటివి చాలా మూతపడ్డాయి. కిరాయిలు పెరిగాయి, రోడ్లు వెడల్పయ్యాయి, యజమానుల పిల్లలు వేరే దారుల్లో వెళ్లారు. గంట కూర్చునే గిరాకీతో నేటి కిరాయి కట్టడం కష్టం. అందుకే నిలబడి తాగి వెళ్లిపోయే టీ పాయింట్లు పెరిగాయి. మరో వైపు ఏసీ హాళ్ల కేఫ్‌లు వచ్చాయి. అక్కడ కుర్చీ మెత్తగానే ఉంటుంది, కప్పు ధర మాత్రం పల్లె నుంచి ఆస్పత్రికి వచ్చినవాళ్లకు బరువే.

ఆడవాళ్ల సంగతి పాత రోజుల్లోనూ సగమే. చాలా హోటళ్లలో బయటి హాలు మగవాళ్లదే, పరదా వేసిన "ఫ్యామిలీ రూమ్" ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఇవాళ నీలోఫర్‌లో, చార్మినార్ దగ్గరి నిమ్రాలో బుర్ఖా వేసుకున్న తల్లులు, కాలేజీ అమ్మాయిలు పిల్లాపాపలతో వచ్చి చాయ్ తాగుతున్నారు. ఇది మంచి మార్పు.

మరి హాలియాలో? సాగర్ రోడ్డు మీద చాయ్ హోటళ్లకు కొదవ లేదు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు బ్యాంకు పనికీ, దవాఖానకూ, బట్టల కొనుగోళ్లకూ టౌనుకు వస్తారు. బస్సు వచ్చేదాకా చాలామంది ఎండలో నిలబడే ఉంటారు. చాయ్ హోటల్ ముందు మగవాళ్ల గుంపు చూసి లోపలికి అడుగు పెట్టరు. ఒక పక్కన నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను, మంచినీళ్ల కుండ పెట్టి "ఫ్యామిలీలకు" అని రాసిన హోటల్‌కు పెద్ద ఖర్చేమీ కాదు, గిరాకీ మాత్రం పెరుగుతుంది.

నీలోఫర్ దవాఖానకు వెళ్లాల్సి వచ్చినవాళ్లు కూడా గేటు దగ్గర పస్తుతో నిలబడొద్దు. ఒకరు పిల్లాడి దగ్గర ఉంటే మరొకరు ఫోన్ చేతిలో పెట్టుకుని వెళ్లి చాయ్ తాగి, కాసేపు కూర్చుని రావచ్చు. వాళ్లు వచ్చాక లోపలున్న తల్లిని కూడా పంపించాలి. రెండు రోజులుగా సరిగా కూర్చోనిది ఆమే.