బండికి ముసుగు మంచిదేనా?

మా నాన్నగారి గుర్తుగా నాకు మిగిలింది ఒక ఎర్ర మోటారు సైకిలు. విశాఖలో సముద్రానికి దగ్గరగా మా యిల్లు. ఉప్పుగాలి తగలరాదని ప్లాస్టిక్ ముసుగు కొని, రోజూ సాయంత్రం దుమ్ముమీదనే కప్పేవాణ్ణి. ఏడాది తిరక్కుండానే ట్యాంకు నిండా సన్నని గీతలు. అంచుల్లో రంగు ఉబ్బి తుప్పు!

ముసుగు దండగని కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు రంగు వెలిసిపోతుంది. ముసుగు వాటిని అడ్డుతుంది. కాని దుమ్ములో ఇసుక రేణువు లుంటాయి. గాలికి ముసుగు రెపరెపలాడినప్పుడల్లా అవి గరుకు కాగితంలా రంగును రుద్దుతాయి. పైగా ప్లాస్టిక్ లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. రాత్రి చల్లదనానికి అది నీటిబొట్లై లోహాన్ని పట్టుకుంటుంది. ఉప్పు తోడైతే తుప్పుకు పండుగే!

కనుక చావడిలో నీడన పెట్టే బండికి ముసుగు అంతగా అక్కర లేదు. ఆరుబయట తప్పదంటారా? బండి కడిగి, తడి ఆరాక, సైలెన్సరు చల్లబడ్డాక, గాలి ఆడే మెత్తని ముసుగు కప్పి బిగించి కట్టండి. వాన వెలిశాక తీసి ఆరబెట్టండి.

నాన్నగారు ముసుగు కొననేలేదు. రోజూ పొద్దున్నే నీళ్లు పోసి, మెత్తని గుడ్డతో అద్దేవారు. చాదస్తమనుకున్నాను!