ముందు మచ్చను చూడండి, తర్వాతే పూతమందు

"ఒంటి మీద ఏదో పేలిందండీ!" చర్మవ్యాధితో మా దగ్గరకు వచ్చేవారు చాలామంది మొదట చెప్పే మాట ఇదే. ఆ 'ఏదో' ఏ ఆకారంలో ఉంది, ఎక్కడ మొదలై ఎటు పాకింది అన్నది చెబితే జబ్బు గుర్తించడం మాకు సులువవుతుంది.

డాక్టర్లు ఉంగరంలాంటి మచ్చను 'యాన్యులర్' అని, నాణెంలా నిండుగా ఉన్నదాన్ని 'నమ్యులర్' అని, గీతలా సాగితే 'లీనియర్' అని అంటారు. ఈ పేర్లు మీకు రానక్కరలేదు. మచ్చ, దద్దురు, పొక్కు, బొబ్బ, పొలుసు అనే మన మాటలు చాలు. చర్మం చదునుగానే ఉండి రంగు మారితే మచ్చ. ఉబ్బి, కొన్ని గంటల్లో అణిగి మరోచోట లేస్తే దద్దురు. నీరు పడితే బొబ్బ.

ఉంగరంలా ఉంటే: అంచు ఎర్రగా తేలి, పొలుసులు రాలుతూ, నడుమ మామూలుగా ఉండి, బాగా దురద పెడితే సాధారణంగా తామర. ఊడ్పుల రోజుల్లో తడిబట్టలతో ఉండేవారికి గజ్జల్లో ఎక్కువగా వస్తుంది. దీనికి స్టెరాయిడ్ కలిసిన పూతమందు రాస్తే దురద తగ్గినట్టే ఉంటుంది, తామర మాత్రం లోలోపల పాకుతుంది. ఉంగరం ఆకారం చెరిగిపోయి మేమూ పోల్చుకోలేం. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటి క్రీములు అమ్మరాదని 2018లో ప్రభుత్వం నిబంధన పెట్టింది.

అయితే గుండ్రటి మచ్చలన్నీ తామర కావు. కుష్టు మచ్చ కూడా అలా ఉండవచ్చు. కళ్ళు మూసుకుని, దూది కొసతో తాకించుకోండి. తాకినట్టు తెలియకపోతే వెంటనే చూపించుకోండి. దురద లేదు, నొప్పి లేదు కదా అని ఊరుకుంటే నరాలు దెబ్బతిని చేతులు, కాళ్ళు వంకర తిరుగుతాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందు ఉచితం. 6 నెలలు గాని, 12 నెలలు గాని వాడితే నయమవుతుంది. దాచుకోవలసిన జబ్బు కాదు.

ఒకవైపే పట్టీలా ఉంటే: ముందు మంట, నొప్పి పుట్టి, తర్వాత నడుముకో ఛాతీకో ఒక పక్కనే నీటిపొక్కులు వరుసగా లేస్తే సర్పి. కొందరు అక్కి అంటారు. అక్కి రాయించుకుని ఆగిపోకండి. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మాత్రలు మొదలుపెడితే మేలు. కంటి దగ్గర వస్తే ఒక్క పూట కూడా ఆగవద్దు.

ఎర్రటి చుక్కలైతే: జ్వరంతోపాటు సూదిమొనంత చుక్కలు లేచి, వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే అది చర్మం లోపలి రక్తస్రావం. డెంగ్యూలోనూ ఇలా రావచ్చు. రాత్రయినా సరే ఆసుపత్రికి రండి.

వచ్చేటప్పుడు ఇంతవరకు రాసిన ట్యూబులన్నీ తెండి. మచ్చ మొదట్లో ఎలా ఉండేదో సెల్‌ఫోన్‌లో ఫోటో ఉంటే చూపించండి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే దాచకుండా చెప్పండి.