చివరి నాలుగంకెలు

కంప్యూటర్ ఏదో అప్‌డేట్ మొదలుపెడుతుంది. సగం దూరం పోయి చేతులెత్తేస్తుంది. తెర మీద ఒక సున్నా, ఒక ఎక్స్, వాటి వెనక 80070570. ఫోనుతో దాన్ని ఫొటో తీసి తెలిసిన కుర్రాడికి పంపితే నిమిషంలో జవాబు వస్తుంది: ‘‘ఫార్మాట్ కొట్టాలన్నా.’’ మా బేతంచెర్లలోనే కాదు, ఎక్కడైనా ఇదే వైద్యం. ఆ ఎనిమిది అంకెల్లో ఏముందో చూసినవాళ్లు తక్కువ. చూడటానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. అణాల లెక్క వస్తే చాలు.

మొదటి 8 అంటే పని చెడింది అని అర్థం. తర్వాతి 007 అంటే విండోస్ మామూలుగా వాడే పాత పొరపాట్ల పట్టీలోది అని. ఈ 8007 మీ ఇంట్లో, నా ఇంట్లో, అమెరికాలో ఒకటే. అసలు సంగతంతా చివరి నాలుగంకెల్లో ఉంది. అవి మనం రోజూ లెక్కపెట్టే పదుల అంకెలు కావు, పదహార్లవి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా మన పెద్దలు రూపాయికి 16 అణాల చొప్పున ఈ లెక్కే చేసేవారు. కోడ్ చివర 70 ఉందంటే ఏడు రూపాయల సున్నా అణాలు, అంటే 112 అణాలు. 57 ఉంటే అయిదు రూపాయల ఏడు అణాలు, 87. ఇంకో స్థానం ఎడమకు జరిగితే 16 రూపాయల కట్ట, అంటే 256 అణాలు. మన 570లో అలాంటి కట్టలు అయిదు: 1280. దానికి 112 కలిపితే 1392.

ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్ నల్లతెర తెరిచి ఎన్‌ఈటీ, ఒక ఖాళీ, హెచ్‌ఈఎల్‌పీఎంఎస్‌జీ, ఇంకో ఖాళీ, 1392 అని కొట్టండి. ఫైలో ఫోల్డరో పాడైంది, చదవలేకపోతున్నాను అని విండోస్ తానే ఇంగ్లీషులో చెబుతుంది. ఇంటర్నెట్టు అక్కర్లేదు. 112 అని కొడితే డిస్కులో చోటు లేదంటుంది. 5 అయితే అనుమతి లేదు, 2 అయితే వెతికిన ఫైలు లేదు, 32 అయితే ఆ ఫైలును వేరే ప్రోగ్రాం పట్టుకుని కూర్చుంది. 1117 వస్తే మాత్రం కాస్త భయపడాలి. డిస్కుతోనో, దాని కేబుల్‌తోనో రాకపోకలే తప్పుతున్నాయని దాని అర్థం.

112కి పాత సినిమాలు నాలుగు చెరిపితే సరిపోతుంది. 5కి ప్రోగ్రాంను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే చాలాసార్లు తీరిపోతుంది. ఈ రెండింటికీ ఫార్మాట్ కొట్టించుకున్న ఇళ్లు ఎన్నో. 1392, 1117 వేరే జాతి. అక్కడ ప్రశ్న విండోస్ గురించి కాదు: ఫైలు ఎందుకు పాడైంది?

ఆ ప్రశ్నకు జవాబు మా ఊళ్లో చాలాసార్లు గోడ మీద సాకెట్‌లో ఉంటుంది.

బేతంచెర్ల 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లాలోది, అంతకుముందు కర్నూలు జిల్లా. జిల్లా మారినా ఊరి బతుకు మారలేదు, బండలే. నాపరాయి గనులు, కోసే మిషన్లు, పాలిష్ ఫ్యాక్టరీలు. పెద్ద మోటారు స్టార్టయిన క్షణంలో దాని మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. అదే లైను మీద ఇల్లుంటే ట్యూబులైటు ఒకసారి కన్ను కొడుతుంది. మనిషికి అది రెప్పపాటు, కంప్యూటర్‌కి చాలా సేపు. మన కరెంటు సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది, ఒక్కో చుట్టు 20 మిల్లీసెకన్లు. మంచి పవర్ సప్లై కరెంటు పోయాక నిండు భారంతో నిలబడగలిగేది సుమారు 16, 17 మిల్లీసెకన్లు. ఒక్క చుట్టు కూడా పూర్తిగా ఓర్చుకోలేదన్నమాట. డిస్కు సరిగ్గా ఆ క్షణంలో ఏదో రాస్తూ ఉంటే సగం పాతది, సగం కొత్తది మిగులుతుంది.

దీనికి సాక్ష్యం కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టం చూడండి. 41 అనే నంబరు, పక్కన కెర్నల్ పవర్ అని ఉంటే, సరిగ్గా మూసుకోకుండానే మిషన్ మళ్లీ లేచిందని. 6008 కూడా అదే కబురు. 41ని తెరిచి వివరాల్లోకి వెళితే బగ్‌చెక్ కోడ్ అనే వరుస ఉంటుంది. అక్కడ 0 ఉంటే నీలితెర వచ్చిన గుర్తేమీ లేదు. కరెంటు పోవడమో, పవర్ సప్లై చతికిలపడటమో, ఎవరో బటన్ నొక్కిపట్టి ఆపడమో జరిగి ఉంటుంది. వేరే అంకె ఉంటే అది నీలితెర నంబరు. డిస్కు పేరుతో 7 కనిపిస్తే చెడ్డ గడి తగిలింది, ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరుతో 55 కనిపిస్తే ఫైళ్ల పట్టికే చెదిరింది. 41లు వరసగా వచ్చి, ఆ తర్వాత ఒక 55 కనిపించిందంటే ఇక కథ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక ముచ్చట ఇక్కడే చెప్పాలి. క్యాబినెట్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటుందని చాలామంది అంటారు, అంటూనే వాడుతుంటారు. పవర్ సప్లై లోపల రెండు చిన్న కెపాసిటర్లు ఫేజునూ న్యూట్రల్‌నూ ఎర్త్‌కు కలుపుతాయి. ఎర్త్ తీగ సరిగా పనిచేయకపోతే ఆ రెండూ 230 వోల్టులను చెరిసగం పంచుకుని క్యాబినెట్ రేకు మీద దాదాపు 115 తెచ్చి పెడతాయి. దాని వెనక కరెంటు కొద్దిపాటిదే గనక మనిషికి జివ్వుతో పోతుంది. కానీ ఆ జివ్వు ఇంటి ఎర్తింగ్ చచ్చిపోయిందన్న కబురు. మా రాతినేలలో, ఎండిన నేలలో ఎర్తింగ్ గుంత మే నెలకల్లా బిగుసుకుపోతుంది. ఉప్పు, బొగ్గు వేసి కట్టిన గుంతకు వేసవిలో బిందెడు నీళ్లు పోయించడం ఏ యాంటీవైరస్ కన్నా చవక. రెండు పుల్లల ప్లగ్గుతో కంప్యూటర్‌కి కరెంటిస్తున్న ఇంట్లో మాత్రం ఎన్ని బిందెలు పోసినా లాభం లేదు.

ఇక దుమ్ము. రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తారు, ఆ తెల్లబురద ఎండి లారీ చక్రాల కింద పొడవుతుంది, పొడి ఇళ్లలోకి వస్తుంది. ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కల సందుల్లో దుప్పటిలా పరుచుకుంటుంది. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర తమంతట తాము నెమ్మదిస్తాయి, ఇంకా పెరిగితే ఆరిపోతాయి. గది 28 డిగ్రీలున్నప్పుడు 80 దగ్గర నడిచే ప్రాసెసర్, మే నెల మధ్యాహ్నం గది 43కు పోతే 95కు చేరుతుంది. దుమ్ము కప్పినదైతే ఆ మిగిలిన అయిదూ ఉండవు. ఏడాదికి ఒకసారి బ్లోయరు ఎక్కడైనా చాలేమో, ఇక్కడ రెండుసార్లు కొట్టించాలి. కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోండి.

ఇప్పుడు రిపేరు టూల్స్. ఇక్కడే చాలామంది క్రమం తప్పుతారు, నాకు పట్టుదల ఉన్నదీ ఇక్కడే. 1392 కనబడగానే చెక్‌డిస్క్ నడిపేస్తారు. అది 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్ కాలం నుంచీ ఉన్న మనిషి, మంచి పనివాడే. కానీ చావుబతుకుల్లో ఉన్న డిస్కును ఆ చివర నుంచి ఈ చివర దాకా పరుగెత్తిస్తాడు. 1 టీబీ డిస్కులో 512 బైట్ల గళ్లు 195,35,25,168. ఫైళ్ల లెక్కకు వాటిని ఎనిమిదేసి కట్టలు కడితే 24,41,90,646. స్లాష్ ఆర్ అని చేర్చి నడిపితే అయిదు దశల్లో ఈ మొత్తాన్నీ తడుముతుంది. సెకనుకు 100 ఎంబీ వేగంతో ఎక్కడా ఆగకుండా చదివినా 10,000 సెకన్లు, అంటే రెండు గంటల 47 నిమిషాలు. చెడ్డ గళ్లు తగిలితే రాత్రంతా.

ఆ రెండు గంటల 47 నిమిషాల పక్కన మన యూపీఎస్‌ను పెట్టి చూడండి. ఇళ్లలో కనిపించే 600 వీఏ డబ్బాలో సాధారణంగా ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. గుణిస్తే 84 వాట్ అవర్లు. కంప్యూటరూ మానిటరూ కలిసి 150 వాట్లు తింటే కాగితం మీద 33 నిమిషాలు, నిజంలో దాంట్లో సగం దొరికితే గొప్ప. మూడేళ్ల బ్యాటరీ అయితే లేచి షట్‌డౌన్ నొక్కేలోగా కూయడం మానేస్తుంది. కాబట్టి సాయంత్రం కరెంటు పోతూవస్తూ ఉన్నప్పుడు చెక్‌డిస్క్ మొదలుపెట్టకండి. 150 ఏహెచ్ ఇన్వర్టరున్న ఇల్లయితే పరవాలేదు, కాకపోతే దాని వెనకున్న చిన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. రెండో మోడ్‌లో అది మేల్కొనేలోపు ఆ 17 మిల్లీసెకన్లు దాటిపోవచ్చు.

అందుకే ముందు డిస్కు నాడి చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం డిస్కు తన గురించి తాను రాసుకున్న చిట్టాను చూపిస్తుంది. మామూలు హార్డ్ డిస్కులో నాలుగు వరుసలు చాలు. 5: చెడిపోయి పక్కన పెట్టిన గళ్లు. 197: అనుమానం మీద ఉన్నవి. 198: చదవడం కుదరనివి. 199: డిస్కు కాదు, కేబుల్ తప్పు. (ఈ నంబర్లనూ అది పదహార్ల లెక్కలోనే చూపిస్తుంది. సి5 అంటే 12 రూపాయల 5 అణాలు, 197.) మొదటి మూడింటిలో సున్నా కానిది ఏదున్నా రిపేరు ఆపి కాపీ మొదలుపెట్టండి. ఇది నా చాదస్తం కాదు. గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. మొదటి స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్కు, అది లేని డిస్కుకన్నా 60 రోజుల్లో చనిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేల్చారు. అదే పత్రంలో ఇంకో అంకె కూడా ఉంది: చనిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, బాగా పనికొచ్చే నాలుగు సంకేతాల్లో ఒక్కటీ ముందుగా చూపలేదు. చిట్టా శుభ్రంగా ఉందని పిల్లల ఫొటోలు ఒకేచోట ఉంచడం కుదరదన్నమాట.

డిస్కు బాగుందని తేలాకే విండోస్ సొంత ఫైళ్ల వంతు. ఎస్‌ఎఫ్‌సీ అనే టూల్ ప్రతి సిస్టం ఫైలునూ లోపల దాచిన అసలు ప్రతితో పోల్చి, తేడా ఉంటే అక్కడి నుంచి తెచ్చి పెడుతుంది. కొన్ని సరిచేయలేకపోయాను అని అది అంటే, దాచిన ప్రతే పాడైందని అనుమానించాలి. ఆ ప్రతిని బాగుచేసేది డిజ్మ్. అందుకని ముందు డిజ్మ్‌కు రిస్టోర్‌హెల్త్ చెప్పి, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ. తారుమారుగా నడిపి మూడుసార్లు అదే జవాబు చూసి విసుగెత్తేవాళ్లే ఎక్కువ. డిజ్మ్ 62.3 శాతం దగ్గర చాలాసేపు నిలబడిపోతుంది, వదిలేయండి, కదులుతుంది. 800ఎఫ్081ఎఫ్ అంటే సరుకు దొరకలేదని. అదే వెర్షన్ విండోస్ ఉన్న పెన్ డ్రైవ్ చూపించాలి.

80072ఎఫ్8ఎఫ్ వస్తే ఇవేమీ వద్దు, ముందు గడియారం చూడండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ, 3 వోల్టులది, అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పిన కంప్యూటర్ సురక్షిత సైట్లను నమ్మదు.

ఈవెంట్ వ్యూయర్ గురించి ఒక హెచ్చరిక. బాగున్న కంప్యూటర్‌లో కూడా అక్కడ ఎర్రగుర్తులు, పసుపు గుర్తులు డజన్లకొద్దీ ఉంటాయి. ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది’ అని ఫోన్ చేసే మోసగాళ్లు ముందు మనచేత తెరిపించేది దాన్నే. ఎర్రగుర్తులు చూపించి భయపెట్టి, రిమోట్ ప్రోగ్రాం పెట్టించి, బ్యాంకు దాకా పోతారు. డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

మళ్లీ మన 80070570 దగ్గరికి. కుర్రాడి మాట విని ఫార్మాట్ కొట్టించారనుకుందాం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొట్టే ఫార్మాట్ పట్టికను మాత్రమే ఖాళీ చేస్తుంది, గళ్లను తడమదు. ఫొటోలు పోతాయి, చెడ్డ గడి అక్కడే ఉంటుంది. కొత్త విండోస్ ఫైళ్లు ఎక్కుతూ ఎక్కుతూ ఆ గడి దగ్గరికి వస్తాయి. తెర మీద ఒక సున్నా, ఒక ఎక్స్, వాటి వెనక 80070570. ఈసారి డిస్కో, పెన్ డ్రైవో, ర్యామో తేల్చుకోవాలి, కాపీ లేకుండా.