పాలు మాన్పించే వేళ

ఆదివారం ఆరాధన ముగిశాక ఓ యువతి ప్రార్థన కోసం నా దగ్గరికొచ్చింది. చంకలో ఏడాదిన్నర కొడుకు, కడుపులో ఐదో నెల. ‘అయ్యగారూ, వీడింకా నా దగ్గర పాలు తాగుతున్నాడు. లోపలి బిడ్డ నోటి దగ్గరిది వీడు లాగేసుకుంటున్నాడని, అది పాపమని అందరూ అంటున్నారు. రేపు వేపాకు నూరి రాసి మాన్పించేస్తామంటున్నారు. దేవుడికి నా మీద కోపమొస్తుందాండీ?’ అనడిగింది. వెనకే నిలబడ్డ వాళ్ల అత్తగారి ముఖంలోనూ దిగులే తప్ప కోపం కనిపించలేదు.

వెంటనే ప్రార్థన చేయలేకపోయాను. పాతికేళ్ల కిందటి మా ఇల్లు గుర్తొచ్చింది. రెండో కాన్పు కోసం నా భార్య నెల తప్పినప్పుడు మా పెద్దపాపకు పద్నాలుగు నెలలు. పెద్దవాళ్లు చెప్పిందే మేమూ చేశాం. వేపాకు చేదు తగలగానే పాప ముఖం తిప్పుకుని, మళ్లీ తల్లి ముఖంలోకి అర్థం కానట్టు చూసింది. ఆ రాత్రంతా ఏడ్చింది. పక్కగదిలో నేను మర్నాటి కూడికకు ప్రసంగం రాసుకుంటూ కూర్చున్నాను. ప్రసంగాంశం దేవుని ప్రేమ!

బైబిల్లో పాలు మాన్పించడం చిన్న విషయం కాదు. ఇస్సాకు పాలు విడిచిన రోజున అబ్రాహాము గొప్ప విందు చేశాడు (ఆది. 21:8). హన్నా కథ మరీ ఆశ్చర్యం. కన్నీళ్లతో అడిగి పొందిన సమూయేలును ఆమె దేవునికే మొక్కుకుంది. అయినా ఏటేటా జరిగే బలి కోసం కుటుంబమంతా షిలోహుకు బయల్దేరితే, బిడ్డ పాలు విడిచేదాకా తాను రానని ఆగిపోయింది. భర్త ఎల్కానా కసురుకోలేదు, ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారోననలేదు. నీకేది మంచిదనిపిస్తే అదే చేయమన్నాడు (1 సమూ. 1:21-23). దేవునికిచ్చిన మొక్కుబడి కూడా పసివాడి పాల కోసం ఆగింది! ఆ కాలంలో పిల్లలు ఎన్నాళ్లు పాలు తాగేవారో తెలియాలంటే, మన ప్రొటెస్టెంట్ బైబిల్లో లేని మక్కబీయుల రెండవ గ్రంథం చూడాలి. అందులో ఓ తల్లి తన కొడుక్కి మూడేళ్లు పాలిచ్చానంటుంది (7:27).

గోమెరు తన కూతురికి పాలు మాన్పించాకే మళ్లీ గర్భవతి అయినట్టు హోషేయ గ్రంథం చెబుతుంది (1:8). అది జరిగిన సంగతే తప్ప ఆజ్ఞ కాదు. కడుపుతో ఉన్న తల్లి పెద్దబిడ్డకు పాలివ్వకూడదన్న నిషేధం లేఖనాల్లో ఎక్కడా లేదు. కనుక ఇందులో పాపమన్న మాటకు తావే లేదు.

మరి వైద్యులేమంటారు? మొదటి ఆరు నెలలూ తల్లిపాలే ఇవ్వాలని, ఆ తర్వాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. తల్లి ఆరోగ్యంగా ఉండి, గర్భం సజావుగా సాగుతుంటే మామూలుగా పాలు ఆపనక్కర్లేదు. అయితే బిడ్డ పాలు తాగేటప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ గర్భసంచిని కాస్త బిగిసేలా చేస్తుంది. అందుకే గతంలో నెలలు నిండకుండా కాన్పయినవారు, రక్తస్రావం అవుతున్నవారు, కవలలున్నవారు డాక్టర్ చెప్పినట్టే నడుచుకోవాలి. నాలుగైదు నెలలొచ్చేసరికి పాలు తగ్గుతాయి, రుచీ మారుతుంది. కొందరు పిల్లలు అప్పుడే తమంతట తామే మానేస్తారు. పెద్దబిడ్డకు ఏడాది నిండకపోతే తగ్గిన పాలకు బదులుగా ఏమివ్వాలో డాక్టర్‌ని అడగాలి. కాన్పు దగ్గరపడితే ముర్రుపాలు వస్తాయి. అవి కొత్తగా పుట్టేవారికి అమూల్యం కనుక కాన్పయ్యాక ముందు చంటిబిడ్డకిచ్చి, ఆ తర్వాతే పెద్దవారికివ్వాలి. తాగేకొద్దీ పాలు ఊరేలా దేవుడు తల్లి శరీరాన్ని నిర్మించాడు.

కానీ ఆ పాలు ఊరేది తల్లి తిన్న అన్నంలోంచే. మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, అంటే 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. పెద్దబిడ్డ పాలు తాగుతున్నాడా అని ఆరా తీసే మనం, తల్లి కడుపునిండా తింటోందా అని ఎన్నడైనా అడిగామా? అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే కోడలికి గుడ్డు, పప్పు, ఆకుకూర, ఐరన్ మాత్ర అందుతున్నాయా?

పాలు మానిన బిడ్డనూ మరిచిపోకూడదు. నేటి ఘనా ఒకప్పుడు గోల్డ్‌కోస్ట్. అక్కడ పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ, ఒళ్లు వాచి, జుట్టు రంగు మారి చనిపోతున్న పసివాళ్లను చూశారు. స్థానికుల ‘గా’ భాషలో ఆ జబ్బు పేరు ‘క్వాషియోర్కర్’. తర్వాతి బిడ్డ పుట్టడంతో తన చోటు పోగొట్టుకున్న బిడ్డకొచ్చే జబ్బని దానర్థమట. 1935లో ఆమె ఆ పేరును వైద్యలోకానికి పరిచయం చేశారు. తల్లిపాలు పోయాక మాంసకృత్తులు లేని జావే ఆ పిల్లల ఆహారమైంది. మాన్పించడం తేలికే, ఆ చోటును మంచి తిండితో, ఒడితో నింపడమే కష్టం.

హెబ్రీ భాషలో పాలు మాన్పించడాన్ని చెప్పే ‘గామల్’ అనే క్రియకు ‘పండటం’ అనే అర్థమూ ఉంది. అహరోను కర్రకు బాదంపండ్లు పండాయని చెప్పేచోట (సంఖ్యా. 17:8) అదే మాట. పండినదాన్ని కొమ్మ నుంచి పెరికి తీయనక్కర్లేదు. 131వ కీర్తనలో పాలు విడిచిన బిడ్డ తల్లి దగ్గర నెమ్మదిగా ఉంటాడు. అతనికిప్పుడు కావలసింది పాలు కాదు, అమ్మే. చేదుపూసి తరిమితే ఆ నెమ్మది దొరుకుతుందా?

ఇదంతా ఆరోజు ఆ అత్తాకోడళ్లకు నాకు చేతనైనంతలో చెప్పి, డాక్టర్ని కలవమన్నాను. ‘మా రోజుల్లో మాకిదెవరూ చెప్పలేదండీ’ అన్నారు అత్తగారు మెల్లగా. అప్పుడు ముగ్గురం కలిసి ప్రార్థన చేశాం. కాన్పయ్యాక చూడ్డానికి వెళ్తే చంటిపాప తల్లి ఒడిలో ఉంది. పెద్దవాడు నాయనమ్మ చేతి ముద్ద తింటూ, మధ్యలో పరుగెత్తి వెళ్లి తన వంతు అడుగుతున్నాడు. ‘చెల్లి తాగాక’ అంటోంది తల్లి. వాడు ఆగాడు కూడా!

ఇంటికొచ్చి నా భార్యకు చెబితే చాలాసేపు మాట్లాడలేదు. ‘ఆ రాత్రి మీరొక్కసారి లేచొచ్చి పాపనెత్తుకుని ఉంటే బాగుండేది’ అంది చివరికి. క్షమించమన్నాను. భర్తలారా, హన్నా కన్నీళ్ల గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఎల్కానా గురించి కూడా కాస్త ఆలోచిద్దాం. ఈ రాత్రి మీ ఇంట్లో పసిబిడ్డ ఏడిస్తే మీరు లేవండి.